ఆఫ్రికాలో కంప్యూటర్ పాఠాలు చెప్పాలనుకుంటే ఏ ఊరు? కంపాలా, నైరోబీ, కిగాలీ, లేగోస్, బెరెకుసోల పోలిక

ఉగాండా రాజధాని కంపాలా వీధుల్లో అద్దెకు తిరిగే మోటారు సైకిళ్లను బోడాబోడా అంటారు. వాటిలో కొన్నింటికి ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. బండి సందుగొందుల్లో తిరిగినంతసేపూ ఆ పెట్టె గాలిలోని సన్నని ధూళిని కొలుస్తూ, ఆ లెక్కను మొబైల్ నెట్‌వర్క్ మీదుగా మకెరెరే విశ్వవిద్యాలయానికి పంపుతుంది. విదేశాల నుంచి తెప్పించే యంత్రాలు చాలా ఖరీదు. పైగా ఆ దుమ్ముకూ, ఎండకూ, కరెంటు కోతలకూ అవి నిలబడవు. అందుకని మకెరెరే వాళ్లు 2015లో తమ ఊరికి సరిపడే పరికరాన్ని తామే తయారు చేయడం మొదలుపెట్టారు. ఎయిర్‌క్యూ పేరుతో అది ఇప్పుడు ఆఫ్రికాలోని అనేక నగరాలకు చేరింది.

నేను ఇథియోపియాలో కొన్నేళ్లు కంప్యూటర్ సైన్సు చెప్పి వచ్చాను. అందువల్ల ఇక్కడి యువ అధ్యాపకులు తరచూ అడుగుతుంటారు: "సార్, ఆఫ్రికాలో అవకాశం వచ్చింది, ఏ దేశం మంచిది?" జీతం ఎంత, భద్రత ఎలా ఉంటుంది, పిల్లలకు బడి ఉందా అన్నవి వెంటనే వచ్చే ప్రశ్నలు. అవి అడగవలసినవే, వాటి సంగతీ చెబుతాను. కానీ ఆ బోడాబోడా మీది పెట్టెను గుర్తు పెట్టుకుని ముందు ఇంకొకటి అడగండి: ఆ విశ్వవిద్యాలయానికి సమస్యలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? గేటు బయటి ఊళ్లో నుంచా, ఎక్కడో రాసిన పాత సిలబస్‌లో నుంచా?

దీన్ని తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. ఆ విభాగంలో గత రెండేళ్లలో చివరి సంవత్సరం విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల పేర్లు పంపమని అడగండి. గ్రంథాలయ నిర్వహణ, ఆస్పత్రి నిర్వహణ, హాజరు పట్టీ అంటూ వరుసగా కనిపిస్తే మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కునే ప్రాజెక్టులను మనం చూసినవాళ్లమే. ఆ జాబితాలో పాల కేంద్రం, చేపల మార్కెట్, మార్కెట్ యార్డు, మినీబస్సుల టికెట్లు కనిపిస్తే ఆ చదువుకూ ఆ ఊరి సంపాదనకూ మధ్య దారి పడిందన్నమాట. విశ్వవిద్యాలయాలు, సమాచార సాంకేతికత కలిసి దేశ ఆర్థిక వ్యవస్థను లేపుతాయని అందరూ అంటారు. ఆ లేవడం జరిగేది ఈ దారిలోనే.

మొదటి ఏడాది నేనే ఈ తప్పు చేశాను. ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన అభ్యాసాలే అక్కడా ఇచ్చాను. మా ల్యాబులో పగలు ఇంటర్నెట్ అందేది కాదు. రాత్రి పదకొండు దాటాక కాస్త వేగం వచ్చేది. విద్యార్థులు గాబీ అనే మందపాటి నూలు దుప్పట్లు కప్పుకుని ఆ చలిలో ల్యాబుకు వచ్చి, మర్నాటికి కావలసినవి డౌన్‌లోడ్ చేసుకునేవారు. అంత కష్టపడి వచ్చిన పిల్లల చేత ఎవరికీ అక్కరలేని హాజరు పట్టీ ప్రోగ్రాం రాయించినందుకు ఇప్పటికీ బాధపడతాను.

నైరోబీ: డబ్బు దారి ముందు పడిన ఊరు

కెన్యా రాజధాని నైరోబీలో మాట్లాడే స్వాహిలీ భాషలో డబ్బును 'పెసా' అంటారు. మన పైసాయే సముద్రం దాటి వెళ్లి అలా మారింది. 1920 వరకు అక్కడ చెలామణీ అయినది భారత రూపాయే మరి. అంగడిని 'దూకా' అంటారు. తెలుగువాడికి ఆ మాట విన్న మొదటి రోజే ఊరు సగం పరిచయమైనట్టు ఉంటుంది.

ఆ పెసాకు మొబైల్‌ను సూచించే 'ఎం' చేర్చి 2007 మార్చిలో సఫారీకామ్ అనే ఫోను సంస్థ ఎం-పెసాను మొదలుపెట్టింది. నైరోబీలో కూలి చేసుకునే మనిషి దూకాలో నోట్లు ఇస్తాడు, దుకాణదారు ఆ మొత్తాన్ని అతని ఫోను ఖాతాలో వేస్తాడు. అతను ఊళ్లో ఉన్న తల్లికి సందేశం రూపంలో పంపుతాడు. ఆమె అక్కడి దూకాకు వెళ్లి, రహస్య సంఖ్య నొక్కి నోట్లు తీసుకుంటుంది. బ్యాంకు ఖాతా, స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ ఏవీ అక్కరలేదు. దీనివల్ల దాదాపు 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా కుటుంబాల్లో 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయని తవనీత్ సూరి, విలియం జాక్ 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో లెక్కకట్టారు. ఆడవాళ్లు చాలామంది వ్యవసాయం నుంచి చిన్న వ్యాపారాలకు మారడం వారు గమనించిన మరో ఫలితం.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఎం-పెసా విశ్వవిద్యాలయంలో పుట్టలేదు. ఒక ఫోను కంపెనీ, బ్రిటన్ ప్రభుత్వ సహాయ నిధి కలిసి దాన్ని కన్నాయి. విశ్వవిద్యాలయాలు తర్వాత అందుకున్నాయి. 2009లో మొంబాసా తీరానికి సముద్రగర్భ కేబుళ్లు వచ్చాయి. అంతకుముందు ఉపగ్రహం మీదుగా కొద్దిపాటి ఇంటర్నెట్‌కు ఎంతో ఖర్చు పెట్టిన విద్యాసంస్థలకు ఒక్కసారిగా తలుపు తెరుచుకుంది. 2010లో ప్రోగ్రామర్లు కలిసి పనిచేసుకునే ఐహబ్ వచ్చింది. 2011లో స్ట్రాత్‌మోర్ విశ్వవిద్యాలయం ఐల్యాబ్ ఆఫ్రికా అనే సాంకేతిక కేంద్రాన్ని, ఆ తర్వాత నైరోబీ విశ్వవిద్యాలయం అలాంటిదే సీ4డీ ల్యాబును పెట్టుకున్నాయి. 2017లో సఫారీకామ్ తన చెల్లింపుల వ్యవస్థను బయటి ప్రోగ్రామర్లకు తెరిచి, దానికి 'దరాజా' అని పేరు పెట్టింది. స్వాహిలీలో వంతెన అని అర్థం. ఇప్పుడు ఒక విద్యార్థి తన ప్రాజెక్టును ఆ వంతెనకు తగిలిస్తే, నిజమైన షిల్లింగులతోనే దాన్ని పరీక్షించుకోవచ్చు. బోధించేవాడికి ఇంతకంటే మంచి ల్యాబు ఏముంటుంది?

దీని పక్కనే కోంజా ఉంది. నైరోబీకి 60 కిలోమీటర్ల దూరంలో 5,000 ఎకరాల్లో సాంకేతిక నగరం కడతామని చెప్పి 2013లో శంకుస్థాపన చేశారు. పని నత్తనడక నడిచింది. ఆ ప్రకటన చిత్రాలను చూసి ఉద్యోగానికి ఒప్పుకోకండి. హైదరాబాదు సంగతి మనకు తెలుసు: 1998లో సైబర్ టవర్స్ లేచేనాటికే ఈసీఐఎల్ వంటి సంస్థల్లో, ఇంజనీరింగ్ కళాశాలల్లో మూడు దశాబ్దాల మనిషి బలం పోగుపడి ఉంది. గోపురం తర్వాత వచ్చింది.

కెన్యాలో అసలు చిక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల అప్పులు. 2024లోనూ 2025లోనూ అధ్యాపకులు వారాల తరబడి సమ్మె చేశారు. ప్రైవేటు సంస్థల్లో తరగతులు ఆగవు గాని ఫీజులు సామాన్యుడికి అందవు. ఎవరికి పాఠం చెప్పాలనుకుంటున్నారో మీరే నిర్ణయించుకోవాలి.

కంపాలా: పరిశోధకుడికి నా మొదటి ఓటు

1922లో వృత్తివిద్యా పాఠశాలగా మొదలైన మకెరెరే తూర్పు ఆఫ్రికాకు చాలాకాలం చదువుల తల్లి. డబ్బు తక్కువ, కట్టడాలు పాతవి. అయినా అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాల ఎంచుకున్న సమస్యలను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

కర్రపెండలం సంగతే తీసుకోండి. మనకు తూర్పు గోదావరిలో అది సగ్గుబియ్యపు పంట. ఉగాండాలో రోజూ తినే తిండి. తెల్లదోమ మోసుకొచ్చే మొజాయిక్ తెగులు, గోధుమ చారల తెగులు దాన్ని తినేస్తాయి. గోధుమ చారల తెగులుతో ఉన్న చిక్కేమిటంటే, ఆకుల మీద లక్షణాలు అంతగా తెలియకపోయినా లోపల దుంప కుళ్లిపోతుంది. రైతు తవ్వి చూసేసరికి పంట పోయినట్టే. నిపుణులు జిల్లాలన్నీ తిరిగి ఆకులు పరిశీలించేసరికి నెలలు గడిచిపోతాయి. మకెరెరే వాళ్లు మామూలు ఫోనుతో తీసిన ఆకు ఫొటోను చూసి తెగులు గుర్తించే పద్ధతిని తయారు చేశారు. దాని కోసం వేలకొద్దీ ఆకులను పొలాల్లో ఫొటో తీసి, ఏది ఏ తెగులో వ్యవసాయ శాస్త్రజ్ఞుల చేత గుర్తు పెట్టించారు. ఇందులో గణితం కంటే ఆ పొలాల చుట్టూ తిరగడమే పెద్ద పని. విశ్వవిద్యాలయం మాత్రమే ఓపికగా చేయగల పని అది, ఎందుకంటే ఏ కంపెనీకీ దానిలో మొదటి ఏడాది లాభం కనిపించదు.

భాషల మీద పనిచేసేవాళ్లకూ ఆఫ్రికా గొప్ప చోటు. గ్రామీణ ఎఫ్‌ఎం రేడియోల్లో లుగాండా మాట్లాడే శ్రోతలు ఏ ఇబ్బందుల గురించి చెప్పుకుంటున్నారో యంత్రమే విని గుర్తించేలా చేసే ప్రయత్నాలు కంపాలాలో జరిగాయి. మసాఖానే అన్న పేరుతో ఖండమంతటా ఉన్న పరిశోధకులు కలిసి తమ భాషలకు అనువాద పరికరాలు తయారు చేసుకుంటున్నారు. ఆ జులూ మాటకు 'కలిసి కట్టుకుందాం' అని అర్థం. కంప్యూటర్‌లో తెలుగు కోసం కష్టపడినవారు ఇక్కడ రెండు వైపులా పనికొస్తారు, ఇవ్వడానికీ నేర్చుకోవడానికీ.

లోటు ఏమిటంటే ఈ పనులు ఎక్కువగా విదేశీ గ్రాంట్ల మీద నడుస్తాయి. గ్రాంటు ముగిస్తే మనిషి చెదిరిపోతాడు. 2021 జనవరి ఎన్నికలప్పుడు దేశమంతా ఇంటర్నెట్ నిలిపివేశారు. ఇలాంటి రోజులు వస్తాయని తెలిసే వెళ్లాలి.

కిగాలీ: క్రమశిక్షణ, మంచి ల్యాబు, చిన్న మార్కెట్

1994 మారణకాండలో మనుషులనూ సంస్థలనూ పోగొట్టుకున్న రువాండా, సముద్ర రేవు లేని తన స్థితిని చూసుకుని చదువునే పెట్టుబడిగా ఎంచుకుంది. 2008లో బోధనా భాషను ఫ్రెంచి నుంచి ఇంగ్లిషుకు మార్చింది. 2011లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని, రాజధాని కిగాలీలోనే దాని శాఖను పెట్టించింది. అక్కడ ఉన్నవి ముఖ్యంగా మాస్టర్స్ కోర్సులు. ఖండం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. 2019లో సొంత ప్రాంగణం, 2022లో మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ నుంచి 27.5 కోట్ల డాలర్లకు పైగా నిధి వచ్చాయి.

రువాండా ప్రభుత్వానికి కొత్తదాన్ని ఒప్పుకునే ధైర్యం ఉంది. కొండదారుల్లో గంటలు పట్టే రక్తం పొట్లాలను డ్రోన్లతో ఆస్పత్రులకు చేర్చే పనిని జిప్‌లైన్ సంస్థ 2016లో మొదలుపెట్టింది ఇక్కడే. అనుమతి కావాలంటే ఎవరిని కలవాలో తెలిసే దేశం ఇది. కుటుంబంతో వెళ్లేవారికి వీధుల భద్రత, శుభ్రత పెద్ద నిశ్చింత.

అయితే మొత్తం జనాభా దాదాపు 1.4 కోట్లే. ఇంత శిక్షణ పొందిన ఇంజనీర్లకు చాలినన్ని ఉద్యోగాలు అక్కడ లేవు. చాలామంది నైరోబీకో, ఇంకా దూరానికో వెళతారు. నిర్ణయాలన్నీ పైనుంచి వస్తాయి, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించే చోటు ఇరుకు. తరగతి గదిలో రాజకీయాలు మాట్లాడే అలవాటున్న అధ్యాపకుడు దీన్ని ముందే ఆలోచించుకోవాలి.

లేగోస్: విశ్వవిద్యాలయాన్ని ఆగకుండా దాటిపోయిన పిల్లలు

నైజీరియాలోని అతిపెద్ద నగరం లేగోస్‌లో, యాబా పేటలో 1947 నాటి సాంకేతిక కళాశాల, పక్కనే 1962 నాటి లేగోస్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2010లో కొత్త సంస్థలకు చోటిచ్చే సీసీహబ్ అక్కడే మొదలైంది. విద్యార్థులు తరగతి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో అంకుర సంస్థలు పుట్టాయి. 20 కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో చిన్న చెల్లింపు సమస్య తీర్చినా అది పెద్ద వ్యాపారమవుతుంది. బాబ్‌కాక్ విశ్వవిద్యాలయంలో చదివిన షోలా అకిన్లాడే, ఎజ్రా ఒలూబీ 2015లో పెట్టిన ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేస్టాక్‌ను 2020లో అమెరికాకు చెందిన అలాంటి సంస్థే అయిన స్ట్రైప్ కొనుగోలు చేసింది. ఒప్పందం విలువ 20 కోట్ల డాలర్లకు పైమాటే అని వార్తలు వచ్చాయి.

అదే దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల అధ్యాపకులు 2022 ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకు సమ్మెలో ఉన్నారు. ఎనిమిది నెలలు. నాలుగేళ్ల డిగ్రీ ఆరేళ్లయిన పిల్లలు ఖాళీగా కూర్చోలేక ఫోన్లలో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ఆ తెగువకు చేతులు జోడించాలి, కానీ దాన్ని విద్యావిధానం గొప్పతనంగా చెప్పలేం. నేర్చుకున్నవాళ్లలో ఎందరో దేశం విడిచి వెళుతున్నారు. ఆ వెళ్లిపోవడానికి యోరుబాలో 'జాపా' అన్న మాటే స్థిరపడిపోయింది.

అధ్యాపకుడికి లేగోస్‌ను నేను మొదటి ఎంపికగా చెప్పను. పదేళ్ల అనుభవం ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు, వ్యాపారం పెట్టాలనుకునేవారికి మాత్రం దీనికి సాటి లేదు. జనరేటరు ఖర్చును లెక్కలో మొదటి పద్దుగా రాసుకోండి.

బెరెకుసో: పరీక్ష గదిలో కాపలా లేని చదువు

మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం వదిలి వచ్చిన పాట్రిక్ అవువా 2002లో ఘనా రాజధాని అక్రాలో ఒక అద్దె ఇంట్లో 30 మంది విద్యార్థులతో అషేసీ విశ్వవిద్యాలయాన్ని మొదలుపెట్టారు. 2011లో అది నగరం వెలుపల బెరెకుసో కొండ మీది సొంత ప్రాంగణానికి మారింది. కంప్యూటర్ సైన్సు చదివేవారు కూడా సాహిత్యం, నీతిశాస్త్రం, ఆఫ్రికా చరిత్ర చదవాలి.

అక్కడి పద్ధతుల్లో నన్ను కదిలించినది పరీక్ష గది. ప్రశ్నపత్రాలు ఇచ్చాక అధ్యాపకుడు బయటికి వెళ్లిపోతాడు. కాపీ కొట్టబోమని, కొట్టినవారిని చూసి ఊరుకోబోమని విద్యార్థులు తామే ఓటు వేసి 2008లో ఒక నియమం పెట్టుకున్నారు. లంచం అలవాటైన ఆఫీసుల్లోకి రేపు వెళ్లబోయే పిల్లలకు ఇది ప్రోగ్రామింగ్ కంటే తక్కువ విద్య ఏమీ కాదు. స్క్వాడ్‌ల మధ్య పరీక్షలు రాసిన మనకు దాని విలువ బాగా తెలుసు. అషేసీ చిన్నది. ఏటా బయటికి వచ్చేవారు వందల్లోనే. ఆర్థిక వ్యవస్థ మీద దాని ప్రభావాన్ని అంకెల్లో వెతికితే నిరాశ కలుగుతుంది. బోధనే జీవితం అనుకునేవారికి మాత్రం ఈ జాబితాలో దీనిదే మొదటి స్థానం.

మరో మూడు చోట్లు, క్లుప్తంగా

మారిషస్‌లో ఎబెన్ సైబర్ సిటీ, దానికి దగ్గరలో రెద్యూయ్‌లోని మారిషస్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలో వెళ్లిన మనవాళ్ల సంతతి అక్కడ ఇప్పటికీ ఉగాది చేసుకుంటుంది. జీవితం సుఖంగా ఉంటుంది, పని మాత్రం ఎక్కువగా బయటి దేశాల కంపెనీలకు చేసే సేవలే.

టాంజానియాలోని జాంజిబార్ దీవిలో ఐఐటీ మద్రాసు 2023లో తన మొదటి విదేశీ ప్రాంగణాన్ని తెరిచింది, ప్రీతి అఘాలయం దానికి సారథి. ఐఐటీల్లో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమె. డేటా సైన్సు, కృత్రిమ మేధ కోర్సులతో మొదలైంది. మన పద్ధతికి అలవాటుపడినవారికి ఇల్లు మారినట్టే ఉంటుంది. ఆ దీవి సమస్యలు ఆ పాఠాల్లోకి ఎంతగా వస్తాయో చెప్పడానికి ఇంకా తొందర.

ఇథియోపియా గురించి తెలుగు అధ్యాపకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కొత్త విశ్వవిద్యాలయాలు పదుల సంఖ్యలో పుట్టినప్పుడు మనవాళ్లు ఎందరో వెళ్లారు, అక్కడి విద్యార్థులు విశాఖపట్నం వచ్చి చదువుకున్నారు. పిల్లల ఆదరణ మరువలేనిది. తరచూ ఇంటర్నెట్ ఆగిపోవడం, విదేశీ మారకం కొరత అక్కడి రెండు కష్టాలు.

ఎంచుకునే ముందు

ముప్పై ఏళ్లలోపు వయసు, పరిశోధన మీద ఆసక్తి ఉంటే మకెరెరేలో ఎవరైనా ఆచార్యుడితో ఒక సమస్య మీద ఉత్తరాలు మొదలుపెట్టండి, ఉద్యోగ ప్రకటన కోసం ఎదురు చూడకండి. మంచి జీతం, చిన్న పిల్లలతో నెమ్మదైన జీవితం కావాలంటే కిగాలీ. బోధనను వ్యాపార ప్రపంచానికి కలపాలనుకుంటే నైరోబీ. ఒక్కటే చెప్పమంటే నేను నైరోబీ అంటాను, ఎందుకంటే అక్కడ దారి ఇప్పటికే పడి ఉంది, దాని మీద నడిచే పిల్లలకు నేర్పేవాళ్లు చాలడం లేదు.

జీతం ఏ కరెన్సీలో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. 2023లో నైజీరియా నైరా, 2024లో ఇథియోపియా బిర్ ఎంతగా పడిపోయాయో చూస్తే కారణం అర్థమవుతుంది. కొంత భాగమైనా డాలర్లలో ఉండాలి. మొదటి ఒప్పందం రెండేళ్లకు మించవద్దు. కెన్యా, ఉగాండా, నైజీరియా, ఘనా, ఇథియోపియాలకు వెళ్లేముందు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ పుస్తకం దగ్గర ఉంచుకోండి. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచుతారు.

తరగతులు మొదలయ్యే తేదీకి రెండు వారాల ముందే చేరుకోండి. నైరోబీ అయితే ఫోను సిమ్ తీసుకుని ఎం-పెసా తెరిపించుకోండి. ఇంటి దగ్గరి దూకాలో టమాటాలు కొని ఫోనుతోనే చెల్లించి, ఆ దుకాణం నడిపే అమ్మను అడగండి: అరువు లెక్కలు ఎలా రాసుకుంటున్నారు, సరుకు అయిపోతే ఎవరికి చెబుతారు, పొరపాటున వేరేవాళ్లకు డబ్బు వెళ్లిపోతే ఏం చేస్తారు? ఆమె చెప్పినవి రాసుకుని మొదటి రోజు తరగతిలో బోర్డు మీద పెట్టండి.